ల్యాప్‌టాప్‌కు 32 జీబీ ర్యామ్ వేయించమంటున్నారు... అంత అవసరమా?

ప్రశ్న: మాది ఖమ్మం. ఇంటి దగ్గరే ఉండి కొన్ని చిన్న షాపులకు అకౌంట్స్ రాస్తూ, జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. నెలకు 24 వేల దాకా వస్తుంది. 2021లో కొన్న ల్యాప్‌టాప్ (ఐ5 11వ తరం, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ) ఈమధ్య బాగా స్లో అయింది. రిటర్నుల గడువులైన 11, 20 తేదీలు దగ్గర పడ్డాయంటే టెన్షనే. టాలీ, ఎక్సెల్, బ్రౌజర్ మూడూ తెరిస్తే బిగుసుకుపోతోంది. షాపులో అడిగితే 8 జీబీ స్టిక్ 6,000, 16 జీబీది 11,500, రెండు 16లు వేసి 32 చేస్తే 23,000 అన్నారు. "ఎలాగూ విప్పుతున్నాం, ఒకేసారి 32 చేయించుకోండి, మళ్లీ చూసుకోనక్కర్లేదు, టాక్స్‌లో కూడా చూపించుకోవచ్చు" అంటున్నారు. మావారేమో చీటీ పాడి 62 వేలు పెట్టి కొత్తది కొందాం, వచ్చే ఏడాది ఇంజినీరింగ్‌లో చేరే అబ్బాయికీ పనికొస్తుంది అంటున్నారు. లక్ష రూపాయల చీటీ, నెలకు 5 వేలు, 20 నెలలు. ఇప్పుడు పాడితే 78 వేలు చేతికొస్తాయి. విడిగా 15 వేలు దాచుకున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: ఒక 8 జీబీ స్టిక్ వేయించి మొత్తం 16 చేసుకోండి. చీటీ జోలికి వెళ్లొద్దు. అయితే డబ్బు కట్టేముందు ఇంట్లోనే ఒక లెక్క చూసుకోవాలి, దానికి పైసా ఖర్చు లేదు.

ఈసారి 10వ తేదీనో 19వ తేదీనో, పని బాగా ఒత్తిడిగా ఉన్న సాయంత్రం, మీరు మామూలుగా తెరిచేవన్నీ తెరవండి. టాలీ, రెండు మూడు పెద్ద ఎక్సెల్ షీట్లు, జీఎస్టీ పోర్టల్, బ్యాంకు స్టేట్‌మెంట్ల పీడీఎఫ్‌లు, వాట్సాప్ వెబ్, అన్నీ. ఏదీ మూయకుండా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్, దాని కింద మెమరీ నొక్కండి. గ్రాఫ్ కింద 'కమిటెడ్' అనే మాట దగ్గర 11.8/15.7 లాగా రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటి అంకె రాసిపెట్టుకోండి. మీరు తెరిచిన ప్రోగ్రాములన్నీ కలిపి ఎంత మెమరీ కావాలని అడిగాయో స్థూలంగా అది చెబుతుంది. మీ దగ్గరున్నది 8. అడిగింది 12 అయితే, ఆ తేడాను విండోస్ ఎస్ఎస్‌డీ మీద సర్దుతుంది. ఫైళ్లు పరిచే బల్ల (ర్యామ్) చిన్నదై, ప్రతి కాగితానికీ లేచి బీరువా (ఎస్ఎస్‌డీ) దగ్గరికి వెళ్లొచ్చినట్టు ఉంటుంది పని. మీరు చెప్పిన బిగుసుకుపోవడం ఎక్కువగా ఇదే.

ఆ అంకె 7 లోపే ఉంటే మీ సమస్య ర్యామ్ కాదు, 32 వేయించినా తేడా కనిపించదు. అప్పుడు స్టార్టప్‌లో తెరుచుకునే అనవసరపు ప్రోగ్రాములు, ఒకదాని మీద ఒకటి ఉన్న రెండు యాంటీవైరస్‌లు, నిండిపోయిన ఎస్ఎస్‌డీ, దుమ్ము పట్టిన ఫ్యాన్ చూడాలి. 9 నుంచి 13 మధ్య ఉంటే మొత్తం 16 సరిపోతుంది. 15 దాటితే 24 గురించి ఆలోచించండి. అంకె 20 దాటినప్పుడే 32కి అర్థం ఉంటుంది. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు, వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్ వాళ్లకు అంత అవసరం పడుతుంది. అకౌంట్స్ పనికి అంత రావడం అరుదు. మీరు రాసిన పనిని బట్టి చూస్తే 10, 13 మధ్యలో ఉంటుందని నా అంచనా, అందుకే మొదటే 16 అన్నాను.

అదే పేజీలో 'స్లాట్స్ యూజ్డ్' అని ఇంకో వరుస ఉంటుంది. అక్కడ 1 ఆఫ్ 2 అని ఉంటే ఒక స్లాటు ఖాళీ అన్నమాట, పాత 8 పక్కన కొత్త 8 కూర్చుంటుంది. జంటగా పనిచేస్తాయి కాబట్టి వేగమూ కాస్త పెరుగుతుంది. అలా కాక లోపల రెండు 4లు ఉంటే లెక్క మారుతుంది. ఒక 4 తీసి 8 వేస్తే అయ్యేది 12 మాత్రమే. అలాంటప్పుడు 11,500 పెట్టి 16 జీబీ స్టిక్ వేసి మొత్తం 20 చేసుకోవడం మేలు. కొన్ని మోడళ్లలో ఒక భాగం బోర్డుకే అతికించి ఉంటుంది, దాన్ని తీయలేరు. అందుకని అడుగు విప్పి మీకు చూపించాకే స్టిక్ బిల్లు వేయమనండి.

ఇక షాపువాళ్లు చెప్పిన 32 లెక్క. 23,000కు 32 వస్తుందన్నారు గానీ, అందుకు మీ పాత 8 జీబీ తీసి పక్కన పెట్టాలి. అంటే మీకు నిజంగా పెరిగేది 24. పాత స్టిక్‌కు ఎంత తగ్గిస్తారని అడిగారా? అడిగితే పెద్దగా ఏమీ రాదు. జీబీకి ఇంత అని చూస్తే పెద్ద స్టిక్ కొంచెం చౌకగానే కనిపిస్తుంది, 8కి 750, 16కి 719. కానీ వాడని జీబీకి పెట్టిన ప్రతి రూపాయీ దండగే. నేనైతే ఇంకోలా చూస్తాను. ఈ ల్యాప్‌టాప్‌ను మీరు ఇంకో 30 నెలలు వాడతారనుకుందాం. 6,000 అంటే నెలకు 200. 23,000 అంటే నెలకు దాదాపు 770. నెలకు 200 ఖర్చుతో రెండు సాయంత్రాలు మిగిలితే, ఇంకో చిన్న షాపు అకౌంట్ ఒప్పుకున్నా నెల తిరక్కుండానే ఆ ఖర్చు రాబట్టుకుంటారు. మిగతా 570 మాత్రం ఎప్పటికీ తిరిగిరావు. మీకు కావలసిన పని 16తోనే అయిపోతుంది.

"తర్వాత పనికొస్తుంది" అన్న మాట దగ్గర చాలామంది పడిపోతారు. మీ ల్యాప్‌టాప్‌కు పట్టేది డీడీఆర్4 రకం. ఇప్పుడొచ్చే కొత్త ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ శాతం డీడీఆర్5 లేదా బోర్డుకే అతికించిన మెమరీ ఉంటోంది. డీడీఆర్4 స్టిక్ డీడీఆర్5 స్లాటులో కూర్చోదు. కాబట్టి ఈరోజు ఇందులో పెట్టిన డబ్బు ఈ యంత్రంతోనే ముగిసిపోతుంది, అబ్బాయి ల్యాప్‌టాప్‌లోకి రాదు. బంగారంలాగా పక్కన పెట్టుకుని తర్వాత వాడుకునే వస్తువు కాదిది.

ధర తగ్గేదాకా ఆగుదామా అని కూడా మీకు అనిపించవచ్చు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు గట్టిగా పెరిగాయి. ప్రపంచంలో మెమరీ చిప్పుల తయారీ చాలావరకు శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీల చేతుల్లో ఉంది. ఏఐ డేటా సెంటర్లకు కావలసిన మెమరీలో లాభం ఎక్కువ కాబట్టి వాళ్ల ఫ్యాక్టరీలు అటు మళ్లాయి. క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్లకు ర్యామ్ అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో మైక్రాన్ ప్రకటించింది. ఇలాంటప్పుడు అవసరమైనంత కొని, అదనం ఆపడం మంచిది. ధర ఎక్కువ ఉన్నప్పుడు ముందుచూపు పేరుతో కొన్న అదనపు జీబీలే జేబుకు బరువు. ఆ కాస్త అవసరాన్ని మాత్రం వాయిదా వేయొద్దు. ఆలస్యమైన ప్రతి 3బీ రిటర్నుకు (20వ తేదీలోపు వేసే జీఎస్టీ రిటర్ను) రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు (నిల్ రిటర్న్ అయితే 20) మీకు నాకంటే బాగా తెలుసు. అంతకంటే ఎక్కువగా, పోయిన క్లయింటు తిరిగి రారు.

టాక్స్ సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. మీ ఆదాయం ఏడాదికి 2.88 లక్షలు. మీరు కట్టాల్సిన పన్నే లేదు, ఇక ర్యామ్ చూపించి తగ్గించుకునేది ఏముంది? మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా లేకపోతే ర్యామ్ మీద కట్టే 18 శాతం జీఎస్టీకి క్రెడిట్ కూడా రాదు.

చీటీ విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంటి డబ్బు అక్కడే ఎక్కువ పోతుంది. ఇప్పుడు పాడితే 78 వేలు. నిర్వాహకుల కమిషన్ 5 శాతం అనుకుంటే, చివరిదాకా ఆగితే 95 వేలు. రెండింటికీ తేడా 17 వేలు. నెలనెలా వచ్చే డివిడెండుతో అది సర్దుకుంటుందని మీవారు అనవచ్చు. కానీ ఆ డివిడెండు మీరు పాడినా, పాడకపోయినా వచ్చేదే. అంటే తొందరపడి కొత్త ల్యాప్‌టాప్ తెచ్చుకున్నందుకు, దాని ధర 62 వేలు కాక, ఇంకో 17 వేలు కట్టినట్టు. మీ 8 జీబీ స్టిక్ దాదాపు మూడుసార్లు కొనగల డబ్బు అది. పిల్లవాడి కాలేజీ ఫీజులు మొదలయ్యే ఏడాది ముందు చీటీ పాడేసుకుంటే, మిగిలిన వాయిదాలు మీ మెడకు చుట్టుకుంటాయి. ఆ చీటీని ఫీజులకే ఉంచండి. షోరూములో 'నో కాస్ట్ ఈఎంఐ' అన్నా తొందరపడొద్దు. సాధారణంగా వడ్డీని డిస్కౌంటు రూపంలో సర్దుతారు, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం మీ మీదే పడతాయి. నగదుకు ఇచ్చే తగ్గింపూ పోతుంది.

అసలు మీ యంత్రం మార్చాల్సినంత పాతది కాదు. 11వ తరం ఐ5కి విండోస్ 11 నడుస్తుంది. ఇది చదివే మిగతావాళ్లు మాత్రం ఇక్కడ జాగ్రత్త పడాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం, ఆపై వాటికే వస్తుంది. 6వ, 7వ తరం యంత్రంలో ఇవాళ ఆరు వేలు పెట్టి ర్యామ్ వేయడం నాకు ఇష్టం లేదు. పాత హార్డ్ డిస్క్‌తోనే నడుస్తున్న ల్యాప్‌టాప్ అయితే ర్యామ్ కంటే ముందు ఎస్ఎస్‌డీ వేయించండి, తేడా మొదటి రోజే తెలుస్తుంది.

కొనేటప్పుడు అడగాల్సినవి: ల్యాప్‌టాప్ సైజు డీడీఆర్4, 3200 వేగం. పాత స్టిక్ మీద స్టిక్కరు చూసి దానికి జోడీ అడగండి. తక్కువ వేగం స్టిక్ వేస్తే రెండూ ఆ తక్కువ వేగంతోనే నడుస్తాయి. మీ షాపు ధర సరైనదేనా అని అనుమానముంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒకటి రెండు దుకాణాలకు ఫోన్ చేసి, ఆన్‌లైన్ ధర కూడా చూసి బేరమాడండి. ఐదారు వందల తేడా కోసం బస్సెక్కి వెళ్లకండి, రానూపోనూ చార్జీలకే అయిపోతుంది. వాడిన స్టిక్ సగం ధరకు దొరికితే కాదనను, ర్యామ్‌లో అరిగే భాగాలు ఉండవు. కానీ పాడైతే మార్చి ఇస్తామని రాసిన బిల్లు లేకుండా వద్దు. కొత్తది కొంటే బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, బ్రాండెడ్ స్టిక్‌లకు ఏళ్ల తరబడి వారంటీ ఉంటుంది. బిగించాక షాపులోనే ఆన్ చేయించి 16 చూపిస్తోందో లేదో చూసి డబ్బివ్వండి.

మీ 15 వేలలో ఇంకా 9 వేలు మిగులుతాయి. అందులోంచి ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కొని, క్లయింట్ల టాలీ డేటా వారానికోసారి దాంట్లోకి కాపీ చేసుకోండి. నన్నడిగితే మీ వ్యాపారానికి ర్యామ్ కంటే ఇదే ముఖ్యం. ఐదేళ్ల ఎస్ఎస్‌డీ ఒక్కసారిగా పోతే, అన్ని షాపుల లెక్కలూ మళ్లీ రాయడానికి ఎన్ని రాత్రులు పడుతుందో ఊహించండి. తర్వాత బ్యాంకులో నెలకు 2,000 చొప్పున 30 నెలల ఆర్‌డీ మొదలుపెట్టండి. వడ్డీ కాక 60 వేలు పోగవుతాయి, మీ తర్వాతి ల్యాప్‌టాప్ అప్పు లేకుండా వస్తుంది.

అబ్బాయికి ఇప్పుడే ఏమీ కొనొద్దు. ఏ బ్రాంచి వస్తుందో, కాలేజీ ఏం అడుగుతుందో తెలిశాక చూడండి. మొదటి రెండేళ్ల కోడింగుకు 16 జీబీ చాలు. ఏఐ ప్రయోగాలు కావాలంటే గూగుల్ కొలాబ్‌లో (బ్రౌజర్‌లోనే కోడ్ నడిపే సేవ) ఉచితంగా మొదలుపెట్టవచ్చు. ఒక్క విషయం మాత్రం అప్పుడు అడిగి తీరాలి: ర్యామ్ తర్వాత పెంచుకోవడానికి స్లాటు ఉందా, లేక బోర్డుకే అతికించారా? స్లాటు ఉంటే 16తో తీసుకోండి. మ్యాక్‌బుక్‌లు, చాలా సన్నటి మోడళ్లలో పెంచుకునే వీలే ఉండదు. నాలుగేళ్లు వాడాల్సిన అలాంటి యంత్రానికి కొనేటప్పుడే ఒక మెట్టు పైది, 24 జీబీ మోడల్, తీసుకున్నా నేను తప్పనను.