ముంబైలో రన్‌వేలు రెండు, వాడేది ఒకటే

ప్రశ్న: మా అబ్బాయి అంధేరీలో ఉంటాడు. మొన్న హైదరాబాద్ నుంచి వెళ్తే విమానం ముంబై మీద ముప్పావు గంట చక్కర్లు కొట్టింది. దిగేటప్పుడు మా అత్తగారి వీల్‌చైర్ కోసం విమానం తలుపు దగ్గర ఇంకో అరగంట నిలబడ్డాం. రెండు రన్‌వేలున్న అంత పెద్ద వ్యాపార నగరంలో ఈ అవస్థ ఏమిటి? నవీ ముంబై విమానాశ్రయంతో తీరుతుందా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అమ్మా, నేను ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ముంబై టవర్‌లో కొన్నేళ్లు కూర్చున్నాను. మీ ప్రశ్న చదవగానే ఆ కిటికీ అద్దాలు కళ్ల ముందు మెదిలాయి.

అక్కడి రన్‌వేలు రెండూ కత్తెరలా ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి. పెద్దది 3,448 మీటర్లు, రెండోది 2,871. ఆ కూడలి వల్ల మామూలుగా ఒక వేళకు ఒక్కదాన్నే వాడతారు. రద్దీ వేళ గంటకు 46 దాకా రాకపోకలు, అంటే 78 సెకన్లకొకటి.

టవర్‌లో ఉన్నవాడికి ఆ 78 సెకన్లే లోకం. దిగిన విమానం గబగబా పక్కదారికి మళ్లాలి. ఎగరాల్సింది రన్‌వే పక్కన కాచుకుని ఉంటుంది. దూరాన ఇంకోటి లైట్లు వేసుకుని దిగి వస్తూంటుంది. ఒకసారి జోరువానలో దిగిన విమానం మళ్లాల్సిన దారి దాటి తరవాతి దారి దాకా పోయింది. ఆలస్యం ఇరవై సెకన్లే. రన్‌వే ఖాళీ కాలేదు గనక వెనకదానికి ‘గో అరౌండ్’, అంటే దిగకుండా మళ్లీ పైకి లేవమని, చెప్పాను. అది చుట్టు తిరిగి మళ్లీ వరసలోకి రావడానికి పావుగంట పట్టింది, దాని వెనకున్నవన్నీ తలా కొంత జరిగాయి. మీ ముప్పావు గంట వెనకా ఇలాంటిదేదో ఉండే ఉంటుంది.

2014లో టీ2 టెర్మినల్ తెరిచారు. ఎంతో అందమైన కట్టడం, కానీ దానివల్ల రన్‌వే మీద ఒక్క సెకను కూడా పెరగలేదు. ఇంకో రన్‌వే వేద్దామంటే చుట్టూ బస్తీలు, ఇళ్లు, మిఠీ నది. బేగంపేటలో ఇలా ఊరి మధ్య ఇరుక్కున్న మన హైదరాబాద్ 2008లోనే శంషాబాద్‌కు మారి బయటపడింది.

నవీ ముంబైలో 2025 డిసెంబరు 25న విమానాలు మొదలయ్యాయి. మొదటి దశలో ఒక రన్‌వే, ఏడాదికి 2 కోట్ల మంది ప్రయాణికులు. అంతా పూర్తయితే 9 కోట్లు. అక్కడి రెండో రన్‌వేను మొదటిదానికి సమాంతరంగా, దూరంగా వేయాలన్నది ప్రణాళిక. అప్పుడు ఒకదాని మీద దిగుతూంటే రెండోదాని మీంచి ఎగరొచ్చు. అయితే నా భయం ఒకటుంది. కొన్ని విమానాలు అక్కడికి మారి పాత విమానాశ్రయంలో స్లాట్లు, అంటే దిగడానికీ ఎగరడానికీ కేటాయించిన వేళలు, ఖాళీ అయితే, వాటిని వెంటనే కొత్త విమానాలతో నింపేస్తారేమోనని. గంటకు రెండు మూడు స్లాట్లు ఖాళీగా ఉంచాలి. వాన పడ్డ రోజు మీలాంటివాళ్లను గాల్లో తిప్పకుండా దించేది ఆ ఖాళీయే. ఈ మాట ఎవరు అడిగినా చెబుతాను.

మీ వరకు చూసుకోవలసినవి కొన్ని చెబుతాను. టికెట్ మీద బీఓఎం ఉంటే పాతది, ఎన్ఎంఐ ఉంటే కొత్తది. అంధేరీకి పాతదే దగ్గర. కొత్తదానిలో దిగితే ఖాడీ, అంటే సముద్రపు పాయ, దాటి రావాలి. వానాకాలానికి ముందొక రోజు, తరవాతొక రోజు పాతదాంట్లో రెండు రన్‌వేలనూ మరమ్మతుకు ఆరేసి గంటలు మూస్తారు. ముందే ప్రకటిస్తారు, ఆ తేదీలు తప్పించండి.

ఇక అత్తగారి సంగతి. వీల్‌చైర్ కావాలని 48 గంటల ముందే ఎయిర్‌లైన్‌కు చెప్పి, టికెట్‌లో నమోదైందో లేదో చూసుకోండి. విమానం తలుపు నుంచి టెర్మినల్ బయటి దాకా చేర్చే బాధ్యత వాళ్లదే. దిగడానికి అరగంట ముందు ఎయిర్ హోస్టెస్‌కు మళ్లీ గుర్తుచేసి, కిందికి కబురు పంపించమనండి. కుర్చీ తలుపు దగ్గరికి వచ్చేదాకా పెద్దావిణ్ణి సీట్లోంచి లేపకండి. ఆవిడ లోపల కూర్చుని ఉన్నంతసేపూ సిబ్బంది విమానం వదిలి వెళ్లడానికి లేదు.