సలైన్ సెట్టుతో నీళ్లిస్తే ఇంజిన్ ఆగిపోతోందా?

తమ్ముడూ, ప్రాజెక్టు కోసం 100 సీసీ ఇంజిన్‌కి సలైన్ సెట్టుతో గాలి లోపలికెళ్లే దారిలో నీటి చుక్కలు వదిలితే ఐడ్లింగ్‌లో, అంటే లోడ్ లేకుండా నెమ్మదిగా తిరిగేటప్పుడు, ఆగిపోతోందన్నావు. ఆగక ఏం చేస్తుంది! లావు చుక్క పడితే స్పార్క్ ప్లగ్ తడుస్తుంది. పైగా కిలో నీరు ఆవిరవడానికి దాదాపు 2,260 కిలోజౌళ్ల వేడి లాగేస్తుంది. లోడ్ పడ్డాకే, సన్నని తుంపరగా ఇవ్వు. పెట్రోల్ బరువులో పదో వంతుతో మొదలుపెట్టు. మిస్ట్ నాజిల్ కోసం ఆటోనగర్‌లో అడుగు. బోరు నీళ్లు వద్దు, ఉప్పు పేరుకుంటుంది; బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడు. నాకింగ్ (పెట్రోల్ తనంతట తానే అంటుకుని ఇంజిన్ టకటకలాడటం) తగ్గుతుంది కానీ మైలేజీ మీద ఆశ పెట్టుకోకు.

సైలెన్సర్ వేడితో పెట్రోల్‌ని క్రాకింగ్ చేసే (పెద్ద అణువుల్ని వేడితో చిన్నవిగా విరగ్గొట్టే) ప్లాన్ మాత్రం హాస్టల్లో వద్దే వద్దు. దానికి 450 డిగ్రీలు దాటాలి. గాలి తగిలితే పెట్రోల్ ఆవిరి 300 లోపే దానంతటదే అంటుకుంటుంది. ల్యాబ్‌లో, మీ సార్ పక్కనుంటేనే చెయ్యి.