టర్నరు లివరు గురించి అల్లుడికి

కందుకూరు

అల్లుడూ, దీవెనలు.

నువ్వు పంపిన వీడియో రాత్రి నాలుగుసార్లు చూశాను. సెకండ్‌హ్యాండ్ హైడ్రాలిక్ సిలిండరు కొని, సి ఛానలు ఇనుముతో దుంగను లేపే చెయ్యి వెల్డింగ్ చేయించి, దుంగలు కోసే నీ సామిల్లు బండికి నువ్వే టర్నరు, అదే దుంగను ఆయిలు ప్రెషర్‌తో తిప్పే సాధనం, బిగించుకున్నావంటే నాకెంత సంతోషంగా ఉండాదో చెప్పలేను. నేనూ మీ నాయనా గడ్డపారలతో మొద్దులు దొర్లించిన రోజుల్లో ఇట్టాంటిది ఉండుంటే ఆయన నడుము అట్టా పోయేది కాదు. కానీ ఆ వీడియోలో వేపదుంగ ఒక్క ఊపున లేచి, దుంగను అవతలికి పోకుండా ఆపే స్టాపుల మీద పడింది చూడు, అక్కడ నా గుండె ఝల్లుమంది. స్టాపుల అవతలే సాయానికి వచ్చిన కుర్రోడు నిలబడి ఉండాడు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని కూర్చొని రాస్తున్నా.

గడ్డపారతో దొర్లించేటప్పుడు మొద్దు బరువు మన భుజానికి తెలుస్తుంది. ఎక్కడ మొండికేస్తా ఉండాదో, ఎప్పుడు తిరగబడబోతా ఉండాదో ముందే తెలిసి చెయ్యి వెనక్కి తీసుకుంటాం. టర్నరును నడిపే లివరుకు ఆ తెలివి లేదు. నీ దగ్గరున్న చింతమొద్దు లాంటిది, రెండడుగుల లావు, పదడుగుల పొడవున్న పచ్చి మొద్దు పుట్టి వడ్లకు తగ్గదు, అంటే 850 కిలోలు. దాన్ని లేపినా, సరుగుడు కర్రను లేపినా నీ వేళ్ళకు ఒకేలా ఉంటుంది. భుజానికి తెలిసే సంగతంతా ఇప్పుడు కంటితో పట్టుకోవాలి. కన్ను పట్టుకోవాలంటే దుంగ నెమ్మదిగా కదలాలి.

నీ పంపు నిమిషానికి 12 లీటర్లు పోస్తుందన్నావు, సిలిండరు లోపలి వ్యాసం 50 మి.మీ. చెయ్యి కీలు నుంచి సిలిండరు పిన్ను 20 సెం.మీ., కొస 60 సెం.మీ. లెక్కేసి చూశా. సిలిండరు సెకనుకు 10 సెం.మీ. తోస్తే కొస దానికి మూడింతలు, అంటే సెకనుకు అడుగు దూరం పోతుంది. అది తిప్పడం కాదు నాయనా, విసరడం. ఆయిలు వేగాన్ని తగ్గించే ఫ్లో కంట్రోల్ వాల్వు ఒకటి వేయించు. పైకీ కిందకీ రెండు వైపులా కొస సెకనుకు మూడంగుళాలు దాటకుండా బిగించుకో. దుంగకు పది సెకన్లు ఎక్కువ పట్టినా నీ సంపాదనేం తగ్గిపోదు.

ప్రెషర్ కూడా నువ్వు ఎక్కువే పెట్టావు. చదరపు సెంటీమీటరుకు 150 కేజీల ప్రెషర్ దగ్గర ఆ సిలిండరు ఇంచుమించు 2,900 కిలోల బలంతో తోస్తుంది, కొసకు అందులో మూడోవంతు అందుతుంది. మొద్దును మొత్తం గాల్లోకి ఎత్తే పని మనకు లేదు, ఒక పక్క లేపితే చాలు. ఎక్కువైన ప్రెషర్‌ను వదిలేసే రిలీఫ్ వాల్వును 100కు దించు. పెద్ద మొద్దు దగ్గర చెయ్యి ఆగిపోతే అప్పుడు కొంచెం కొంచెం పెంచు. అది ఆగిందంటే దుంగ ఎక్కడో స్టాపుకో, కొమ్మ మోడుకో పట్టుకుందేమో చూడమని నీకు చెబుతున్నట్టు. సిలిండరు మూతి దగ్గరే లాక్ వాల్వు కూడా బిగించు. హోస్ పైపు పగిలినా చెయ్యి నిలబడి ఉంటుంది.

నాకు జరిగింది చెబుతా. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిందే, ఆ గాలివానకు మన వైపు పడిన చెట్లు కోసే పనిలో ఉన్నా. ముగ్గురు రైతులు కాచుకొని ఉండారు, పొద్దుగూకతా ఉండాది. వేపదుంగ తిప్పి, దుంగను కదలకుండా పట్టే క్లాంపు బిగించి, బ్లేడు ముందుకు తోశా. టర్నరు చెయ్యి పూర్తిగా కిందికి దించలేదు. దుంగ చాటున రెండు వేళ్ళెత్తు మిగిలి ఉండాది. చివరి పలక దగ్గర బ్లేడు పోయి ఇనుముకు తగిలి, చక్రాల మీద నుంచి ఊడి, రేకు కవరుకు కొట్టుకుంది. కవరు లేకపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. మర్నాడే చెయ్యి కీలుకు ఒక కడ్డీ వెల్డింగ్ చేయించి, దాని కొసకు ఎర్ర రేకు పెట్టించా. చెయ్యి పూర్తిగా పడుకుంటేనే ఆ రేకు కనపడకుండా పోతుంది. నీ టర్నరుకు ఇది రేపే చేయించు. మిగతావన్నీ ఒక వారం ఆగినా పర్లేదు, ఇది మాత్రం ఆపొద్దు.

తిప్పేటప్పుడు ముందు బ్లేడు తల పూర్తిగా వెనక్కి పోవాలి, బ్లేడు ఆగాలి. స్టాపులు నిలబెట్టాలి. క్లాంపు వదలాలి. స్టాపుల అవతల మనిషి ఉండకూడదు, దుంగ ఎక్కించే పక్కనా ఉండకూడదు. సాయానికి వచ్చిన కుర్రోడు నీ కంటికి కనిపించే చోట, దుంగ కొస దాటి దూరంగా నిలబడాలి. అతను కనిపించకపోతే లివరు ముట్టుకోవద్దు. వంకర దుంగకు పొట్ట పక్క, అంటే ఉబ్బిన పక్క, బరువు. పొట్ట పైకొచ్చే దాకా మొండికేస్తుంది, దాటగానే దానంతట అదే పడుతుంది. ఆ దాటే క్షణానికి ముందు లివరు వదిలి, మళ్ళీ చిన్న చిన్నగా తట్టాలి. సన్న దుంగల్ని అసలు టర్నరుతో తిప్పకు, చెయ్యి కిందికి దూరి స్టాపుల మీదుగా ఎగరేస్తుంది. వాటికి చేతులు చాలు.

టర్నరు అసలు విలువ జామాయిలు దగ్గర తెలుస్తుంది. మీ కనిగిరి పక్క నీకు ఎక్కువ వచ్చేది అదేగా. ఆ చెట్టు పెరిగేటప్పుడే లోపల బిగువు దాచుకుంటుంది. బెరడు వైపు చెక్క లాగిపట్టి ఉంటుంది, నడిమి చెక్క నొక్కుకొని ఉంటుంది. ఒకే పక్క నుంచి పలకలు తీస్తూ పోతే ఆ తూకం చెడి దుంగ విల్లులా వంగుతుంది, కింది పలకలు ఒకచోట లావు ఒకచోట పలుచన వస్తాయి. ఈ పక్క ఒకటి తీసి, అటు తిప్పి అవతలి పక్క ఒకటి తీయాలి. గడ్డపారల కాలంలో తిప్పలేక బద్ధకించేవాళ్ళం, రైతుకు వంకర పలకలు ఇచ్చేవాళ్ళం. ఇప్పుడు నీకు ఆ సాకు లేదు. నాలుగు పక్కలూ చదును చేశాక మాత్రం టర్నరు చెయ్యి కొసనున్న పళ్ళు పలక మీద గాట్లు పెడతాయి, మధ్యలో ఒక తుక్కు చెక్క అడ్డం పెట్టు.

బండి కాళ్ళ సంగతి. టర్నరు దుంగను ఎంత లేపితే బండిని అంత నేలకు నొక్కుతుంది. నల్లరేగడిలో అయినా, ఉలవపాడు ఇసకలో అయినా ఆ పక్క జాకీ దిగబడుతుంది, పట్టాలు మెలిక పడతాయి. కాళ్ళ కింద మందపాటి చెక్కలు వేసి, పెద్ద మొద్దు తిప్పిన ప్రతిసారీ లెవెల్ చూసుకో.

ఎండాకాలం ఆయిలు పలచబడుతుంది, కొంచెం చిక్కటి రకం వీజీ 68 పోయించు. సిలిండరు రాడ్డు మీద పొట్టు సాయంత్రం గుడ్డతో తుడువు. హోస్ పైపు చెమర్చినట్టు కనిపిస్తే వేలు పెట్టి వెతకొద్దు. సన్నటి రంధ్రంలోంచి వచ్చే ఆయిలు చర్మంలోకి సూదిలా దిగుతుంది, పైకి చీమ కుట్టినట్టే ఉంటుంది గానీ చెయ్యే పోతుంది. అట్ట ముక్క పెట్టి చూడు. ఎవరికైనా తగిలితే నొప్పి లేకపోయినా అదే గంటలో పెద్దాసుపత్రికి తీసుకుపో, ప్రెషర్ ఆయిలు లోపలికి పోయిందని డాక్టరుకు చెప్పు. పైపు విప్పే ముందు ఇంజన్ ఆపి, చెయ్యి కిందికి దించి, లివరు అటూ ఇటూ ఆడించి ప్రెషర్ వదిలేయి.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తా. నా దగ్గర పాత ప్రెషర్ గేజి ఒకటి ఉండాది, అది తెస్తా. అంతవరకు ఆ చింతమొద్దు ముట్టుకోకు.

ఇట్లు
మీ మామ