చెరువు పనికి దిగబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. వచ్చే ఏడాది కల్నల్‌గా పదవీ విరమణ చేశాక, హైదరాబాదులో సిద్ధంగా ఉన్న సెక్యూరిటీ కంపెనీ ఉద్యోగాన్ని కాదనుకుని, అనంతపురం జిల్లాలోని మన ఊరికే వచ్చి చెరువు బాగుచేయించాలనీ, చెట్లు పెంచాలనీ, వరదలు వచ్చినప్పుడు జనానికి అండగా నిలవాలనీ నిశ్చయించుకున్నావని చదివి ఎంతో సంతోషించాను. సైన్యం నుంచి వచ్చాక నేనూ ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి, నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను.

ఊరు తనదనుకోని పని ఎంత గొప్పగా చేయించినా నిలవదు. యూనిట్లో నువ్వు చెప్పగానే పని జరిగేది. ఇక్కడ నలుగురూ కూర్చుని ఒప్పుకున్నాకే జరుగుతుంది, ఆ ఒప్పుకోవడానికి ఒక్కొక్కసారి ఏడాది పడుతుంది. అందువల్ల మొదటి వానాకాలమంతా ఏ పనీ ప్రారంభించకుండా ఊళ్లో తిరిగి చూడు, విను. ముఖ్యంగా చెరువు నీళ్లను పొలాలకు వదిలే నీరుగంటి కుటుంబంలోని పెద్దవాళ్ల దగ్గర కూర్చో. ఏ ఏడు మరువ (నిండిన చెరువులోని మిగులు నీళ్లు బయటికి పోయే దారి) పారిందో, ఏ తూము ఎప్పటినుంచి కారుతున్నదో, ఏ వంకను (చెరువుకు నీళ్లు తెచ్చే వాగును) ఎవరు మళ్లించారో ఏ రికార్డులోనూ లేని వివరాలు వాళ్లు చెప్పగలరు.

చెరువు సంగతి కొంచెం విస్తరించి రాస్తాను. చెరువు నిండి ఉన్న రోజుల్లో కట్టకు పొలాల వైపున, అడుగు భాగం వెంట నడిచి చూడు. చుట్టూ నేల ఎండి ఉండి ఒకచోట మాత్రమే తడిగా, పచ్చగా గడ్డి మొలిచి ఉంటే అక్కడ కట్టలోంచి ఊట వస్తున్నట్టు గుర్తు. ఆ నీళ్లు తేటగా ఉంటే గమనిస్తూ ఉండవచ్చు గాని, మట్టి కలిసి వస్తుంటే కట్ట లోపల కోసుకుపోతున్నదన్నమాట. ఆ రోజే ఇరిగేషన్ ఇంజనీరుకు చెప్పాలి. కట్ట మీద మొలిచిన సర్కారు తుమ్మ వేళ్లు కట్టను గుల్ల చేస్తాయి. అదే కంప వంకలో అల్లుకుపోతే వాన బాగా కురిసినా నీళ్లు చెరువు దాకా రావు. జేసీబీ తిరుగుతుంటే పని కనిపిస్తుంది కనుక చాలామంది పూడికతీతతోనే మొదలుపెడతారు. నా దృష్టిలో ముందు వంక, తరువాత కట్ట, తూము, మరువ, ఆ తరువాతే పూడిక. కట్ట పాదానికి దగ్గరగా మాత్రం ఎవరినీ తవ్వనివ్వకు. తీసిన ఒండ్రును రైతులు తమ ఖర్చుతో తోలుకోవాలి, తోలే ముందు మట్టి పరీక్ష చేయించాలి, ఎందుకంటే చౌడు ఉన్న మట్టి పొలానికి మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. చెరువు లోపల సాగు చేసుకుంటున్నవాళ్లలో పేదలే ఎక్కువమంది ఉండవచ్చు కాబట్టి, నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం వచ్చిన 2002 నాటి వాల్టా చట్టం నీ పక్షాన ఉన్నా, మొదటి రోజే సర్వేయరును వెంటబెట్టుకుని వాళ్ల దగ్గరకు వెళ్లవద్దు.

మన ముందు నడిచినవాళ్లు ఉన్నారు. సైన్యంలో డ్రైవరుగా పనిచేసిన అన్నా హజారే 1975లో మహారాష్ట్రలోని రాలేగణ్ సిద్ధికి తిరిగి వచ్చి, ముందు పాడుబడిన గుడిని బాగుచేయించి, ఆ గుడి దగ్గర చేరిన జనంతోనే శ్రమదానం చేయించి ఊరి నీటి కరువు తీర్చారు. విచ్చలవిడి మేత మీద, చెట్ల నరికివేత మీద ఊరంతా కలిసి కట్టుబాటు పెట్టుకోవడం అక్కడ నేర్చుకోవలసిన విషయం. అయితే అదే ఊళ్లో తాగి వచ్చినవాళ్లను స్తంభానికి కట్టి కొట్టిన సంగతి కూడా ఉంది. అది మనం అనుసరించవలసింది కాదని గట్టిగా చెబుతున్నాను. యూనిఫాం విప్పిన మనిషికి మరొకరి మీద చెయ్యెత్తే హక్కు ఏ మంచి పని కోసమైనా ఉండదు.

చెట్ల విషయంలో డెహ్రాడూన్ అనుభవం చూడు. సున్నపురాయి గనుల వల్ల బోడిగా మారిన ముస్సోరీ కొండలను పచ్చబరచడానికి 1982లో సైన్యానికి అనుబంధ దళమైన టెరిటోరియల్ ఆర్మీ కింద 127వ ఎకలాజికల్ (పర్యావరణ) బెటాలియన్‌ను ఏర్పాటు చేశారు. అందులో చేరినవాళ్లు గఢ్వాల్ ప్రాంతపు మాజీ సైనికులు. తాము పుట్టిన కొండల మీద తామే మొక్కలు నాటి కాపాడారు. నువ్వు పదివేల మొక్కలు నాటుతానని రాశావు. ఆ సంఖ్య పక్కన పెట్టి, రెండు వేసవులు నీళ్లు పోయగలిగినన్నే నాటు. వేసవిలోనే గుంతలు తీయించి, తొలకరి తరువాత వేప, కానుగ, చింత, నేరేడు పెట్టి, మేకలు రాకుండా కంప కట్టించు. గొర్రెల కాపరులకు మేత ఎక్కడ మిగులుతుందో వాళ్లతో మాట్లాడి తేల్చుకున్నాకే స్థలం ఎంచుకో.

వరద సహాయానికి వెళ్లినప్పుడు పాత బట్టల మూటలు పట్టుకెళ్లవద్దు. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పటి వంటి పరిస్థితిలో తాగునీరు, మందులు, ఇళ్లలో మేట వేసిన బురద ఎత్తే పారలు, ఆడవాళ్లకు శానిటరీ ప్యాడ్లు ముందు కావాలి. సైన్యం నీకు నేర్పిన పద్ధతి అక్కడ బాగా ఉపయోగపడుతుంది: ఇల్లిల్లూ తిరిగి జాబితా రాయడం, ఎవరికి ఏమి అందిందో ఏ రోజుకారోజు నమోదు చేయడం. లారీలు వెళ్లిపోయాక కూడా నువ్వు అక్కడే ఉండాలి. పట్టాదారు పాసు పుస్తకంలో పేరు లేని కౌలు రైతు పంట మొత్తం పోయినా చాలాసార్లు పరిహారం జాబితాలోకి ఎక్కడు. అతని కోసం తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగే మనిషి కావాలి. నీ హోదా అక్కడ వాడు, సంకోచించకు. రచ్చబండ దగ్గర మాత్రం దాన్ని ప్రస్తావించవద్దు.

సంస్థ రిజిస్ట్రేషనుకు తొందర లేదు. సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి; ఆ ఏడుగురిలో మన బంధువులు, నీ స్నేహితులే నిండిపోతే ఊరికి అది నీ సొంత వ్యవహారంలాగే కనిపిస్తుంది. ఆడవాళ్లూ, భూమి లేనివాళ్లూ అందులో ఉండేలా చూడు. విరమణలో చేతికొచ్చే మొత్తాన్ని దీంట్లో పెట్టవద్దు. పింఛనులో కొంత చాలు. వచ్చిన ప్రతి రూపాయీ, అయిన ప్రతి ఖర్చూ పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించు.

మరొక విషయం. మీ ఆవిడ ఇన్నేళ్లు నీ పోస్టింగుల వెంట తిరిగింది. పల్లెలో ఉండడం ఆమెకు ఇష్టమేనా, పిల్లవాడి చదువు సంగతి ఏమిటి అనేవి నీ ఉత్తరంలో లేవు. అవి తేల్చుకుని రాయి. వచ్చేముందు నీ విరమణ కాగితాల నకళ్లు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఇవ్వడానికి సిద్ధం చేసుకో. మన మండలంలోని మాజీ సైనికుల వివరాలు అక్కడ అడుగుదాం, నీకు మొదటి తోడు వాళ్లలోనే దొరుకుతారు.

ఇట్లు,
మీ మామయ్య