స్టార్టర్ మార్చినా ట్యూబ్‌లైట్ కొట్టుకుంటోందా? (సమాధానం)

వంటగది ట్యూబ్‌లైట్ వేయగానే చాలాసేపు కొట్టుకుంటోందని, స్టార్టర్ మార్చినా అంతేనని, రెండు కొసలూ నల్లబడ్డాయని రాశారు. ఆ నలుపులోనే జవాబు ఉందండి. కొసల్లోని ఫిలమెంట్ల (సన్నని తీగల) మీద ట్యూబ్ వెలగడానికి కావాల్సిన ఒక పూత ఉంటుంది. వాడేకొద్దీ అది ఊడి గాజు లోపల పేరుకుంటుంది. పూత అయిపోయాక ఎన్ని స్టార్టర్లు మార్చినా దండగే. పైగా అలాగే వాడితే కొత్త స్టార్టర్ కూడా పాడవుతుంది. ట్యూబే మార్చండి.

కొసలు మాత్రమే ఎర్రగా వెలుగుతూ మధ్యలో అసలు వెలగకపోతే మాత్రం ముందు స్టార్టర్‌నే అనుమానించాలి. స్టార్టర్ లోపలి పలకలు అతుక్కుపోయి ఉంటాయి. నిజానికి స్టార్టర్ పని వెలిగించడం వరకే. వెలిగాక దాన్ని తీసేసినా ట్యూబ్ ఆరిపోదు. మొదటిసారి చూసినప్పుడు నేనైతే నోరెళ్లబెట్టాను.

కొత్త ట్యూబ్ మీద రాసి ఉండే నంబర్లలో 865 కొనాలా, 830 కొనాలా అన్నారు కదా. మొదటి అంకె 8 అంటే రంగులు సహజంగానే కనిపిస్తాయని. తర్వాతి 65 అంటే 6500 కెల్విన్ (వెలుగు ఛాయను చెప్పే కొలత), నీలం ఛాయ ఉన్న తెల్లని వెలుగు. 30 అంటే 3000, పసుపు ఛాయ. పడకగదికి 830 హాయిగా ఉంటుంది. కూరగాయలు తరిగే చోటికి నా ఓటు మధ్యలో ఉండే 840కి. వాటేజీ మాత్రం పాతదానిదే తీసుకోండి, ట్యూబ్‌కి వెళ్లే కరెంటును అదుపులో ఉంచే చోక్ దానికి తగ్గట్టే ఉంటుంది.

పాత ట్యూబ్‌ను చెత్తబుట్టలో విరగ్గొట్టి వేయకండి, లోపల పాదరసం ఉంటుంది. పొరపాటున పగిలితే కిటికీలు తెరిచి కాసేపు బయటికి వెళ్లండి. తర్వాత ముక్కల్ని అట్టముక్కతో ఎత్తండి, చీపురు వద్దు.