బడికి వడ్డీ ఇవ్వండి, అసలు మీ దగ్గరే ఉంచుకోండి

ప్రశ్న: నా వయసు 62. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. ఇంట్లో నేనూ నా భార్యా ఇద్దరమే. నెలకు రూ.42,000 పెన్షన్ వస్తుంది. రిటైర్మెంట్ డబ్బు రూ.38 లక్షలు బ్యాంకులో ఉంది. సొంత ఇల్లుంది, అప్పుల్లేవు. మా అబ్బాయి చదివిన బడిని ఒక ట్రస్టు నడుపుతోంది. ప్రభుత్వ ఎయిడ్ లేదు, ఫీజులు తక్కువ. లైబ్రరీ, సైన్స్ ల్యాబ్, డ్రాయింగ్ క్లాసుల కోసం విరాళాలు అడుగుతున్నారు. ఒకేసారి రూ.5 లక్షలు ఇద్దామనుకుంటున్నాను. విరాళాలకు పన్ను మినహాయింపు ఇచ్చే 80జి సెక్షన్ కింద పన్ను ఎంత కలిసొస్తుంది? అమెరికా పౌరసత్వం తీసుకున్న మా అబ్బాయి ఇంకో రూ.2 లక్షలు నా ఖాతాకు పంపి, నా పేరుతోనే కట్టేయమంటున్నాడు. పూర్వ విద్యార్థులకు విజ్ఞప్తి రాసే పని కూడా నాకే అప్పజెప్పారు. ఎలా ముందుకెళ్లమంటారు?

జవాబు: తప్పకుండా ఇవ్వండి. ఎయిడ్ లేకుండా, తక్కువ ఫీజులతో నడిచే బడికి వచ్చే ఫీజు చాలావరకు జీతాలకే సరిపోతుంది. ఏ ఏడాదైనా చేయి బిగిస్తే ముందుగా ఆగేది గణితం క్లాసు కాదు, లైబ్రరీకి కొత్త పుస్తకాలు, ల్యాబ్‌లో యాసిడ్లు, పరీక్షనాళికలు, వారానికి రెండు రోజులు వచ్చే డ్రాయింగ్ మాస్టారు. గది కట్టిస్తామంటే దాతలు దొరుకుతారు, గోడ మీద పేరు చెక్కించుకోవచ్చు కదా. డ్రాయింగ్ మాస్టారి జీతానికి శిలాఫలకం ఉండదు, అందుకే ఆ ఖర్చుకు ముందుకొచ్చేవాళ్లు తక్కువ. ఇలాంటి బడికి ఒక్కసారి వచ్చే పెద్ద మొత్తం కన్నా ఏటా తప్పకుండా వచ్చే చిన్న మొత్తమే ఎక్కువ ఉపయోగం. వస్తుందన్న నమ్మకం ఉంటేనే హెడ్‌మాస్టరు జూన్‌లో ఆ మాస్టారికి 'ఏడాదంతా రండి' అని చెప్పగలరు.

మీ వైపు నుంచి చూసినా నా మాట అదే. 62 ఏళ్లకు ముందు ఇంకా చాలా కాలం ఉంది. ఇద్దరిలో ఎవరికైనా పెద్ద ఆపరేషన్ అవసరమైన రోజున, ట్రస్టుకు ఇచ్చేసిన డబ్బు వెనక్కి అడగలేరు.

కాబట్టి ఇలా చేయండి. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో ఒకరి పేరున గరిష్ఠంగా రూ.30 లక్షలు పెట్టొచ్చు. 2025-26లో వడ్డీ 8.2 శాతం. డబ్బు పెట్టిన రోజు ఉన్న రేటే అయిదేళ్లూ ఉంటుంది. వడ్డీ ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి నెలల ఆరంభంలో మీ ఖాతాలో పడుతుంది. అందులో బడి కోసం అనుకున్న రూ.5 లక్షలకు వేరే ఖాతా తెరవండి, మొత్తం పరిమితి దాటనంత వరకు ఎన్ని ఖాతాలైనా ఉండొచ్చు. ఆ 5 లక్షల మీద మూడు నెలలకోసారి వచ్చే రూ.10,250ని వచ్చినట్టే బడికి పంపండి. ఏడాదికి రూ.41,000 అవుతుంది. మిగతా 25 లక్షల వడ్డీ మీ ఇంటి ఖర్చులకు, బయట ఉన్న 8 లక్షలు అత్యవసరాలకు. అసలు మీ పేరు మీదే ఉంటుంది. మీ ఇద్దరి అవసరాలూ తీరాక ఆ 5 లక్షలు ట్రస్టుకు చెందాలని వీలునామాలో రాసుకోండి. ఇదంతా మీ శ్రీమతిగారితో కూర్చుని మాట్లాడి, ఆమెకూ ఇష్టమైతేనే చేయండి. అది ఆమె భవిష్యత్తుకూ ఆధారమైన డబ్బు.

ఇక పన్ను సంగతి. మీ విషయంలో 80జి వల్ల ఒక్క రూపాయి కూడా కలిసిరాదు. పెన్షన్ ఏడాదికి రూ.5,04,000, 30 లక్షల మీద వడ్డీ రూ.2,46,000, మొత్తం ఏడున్నర లక్షలు. కొత్త పన్ను విధానంలో 2025-26కి రూ.12 లక్షల ఆదాయం దాకా రిబేటు వల్ల పన్ను సున్నా. పైగా ఆ విధానంలో 80జి మినహాయింపే లేదు. కట్టాల్సిన పన్నే లేనప్పుడు తగ్గేదేముంటుంది? మీరు చూసుకోవాల్సింది టీడీఎస్, అంటే వడ్డీ ఇచ్చేటప్పుడే ముందుగా కోసుకునే పన్ను. సీనియర్ల వడ్డీ ఏడాదికి లక్ష దాటితే టీడీఎస్ పట్టుకుంటారు. పన్ను లేదని చెప్పే డిక్లరేషన్, 2025-26 దాకా 15హెచ్ ఫారం అన్నది, ఏడాది మొదట్లోనే ఇచ్చేయండి.

అయితే మీరు విజ్ఞప్తి రాయబోయేవాళ్లలో పాత విధానంలో పన్ను కట్టేవాళ్లు ఉండొచ్చు. వాళ్లకు 80జి పనికొస్తుంది. ఇలాంటి ట్రస్టుకిచ్చిన విరాళంలో సగానికి మినహాయింపు ఉంటుంది, లెక్కలోకి తీసుకునే విరాళం మాత్రం ఇతర మినహాయింపులు పోగా మిగిలిన ఆదాయంలో పది శాతం దాటకూడదు. అలా మిగిలిన ఆదాయం రూ.12 లక్షలున్న వ్యక్తి లక్ష ఇస్తే, 50 వేలకు మినహాయింపు వచ్చి సెస్సుతో కలిపి రూ.15,600 పన్ను తగ్గుతుంది. రూ.2,000 దాటి నగదుగా ఇస్తే మినహాయింపు రాదు. పుస్తకాలు, కంప్యూటర్లు లాంటి వస్తువులకూ రాదు. ట్రస్టు ఏటా మే 31లోగా దాతల వివరాలు 10బీడీ ఫారంలో దాఖలు చేసి, ఒక్కొక్కరికీ 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఉత్త రసీదు చాలదు. ట్రస్టు 80జి అనుమతి ఇంకా చెల్లుబాటులో ఉందో లేదో, గడువు తేదీ ఎప్పుడో, విజ్ఞప్తి రాయకముందే అనుమతి పత్రం తెప్పించుకుని చూడండి. 2026 ఏప్రిల్ 1 నుంచి ఇచ్చే విరాళాలకు 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది, అందులో సెక్షన్ల, ఫారాల నంబర్లు వేరు కనుక అప్పటి నుంచి ఇచ్చేవాళ్లు ఆడిటర్‌ని ఒకసారి అడగడం మేలు.

అబ్బాయి డబ్బు విషయంలో మాత్రం గట్టిగా వద్దంటాను. మన దేశంలో పుట్టి పెరిగినా, అమెరికా పౌరుడయ్యాక అతనిచ్చే విరాళం, విదేశీ విరాళాలను నియంత్రించే చట్టమైన ఎఫ్‌సీఆర్‌ఏ దృష్టిలో విదేశీ విరాళమే. మీ ఖాతా మీదుగా పంపినంత మాత్రాన అది స్వదేశీ అయిపోదు. మధ్యలో ఎన్ని చేతులు మారినా విదేశీ విరాళంగానే చూడాలని ఆ చట్టమే చెబుతోంది. ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేకపోతే మీ మంచి మనసు బడిని చిక్కుల్లో పడేస్తుంది. ఉంటే, అబ్బాయి తన పేరుతోనే న్యూఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలోని ట్రస్టు ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాకు నేరుగా పంపొచ్చు. విదేశాల్లో ఉన్నా భారత పాస్‌పోర్టే ఉన్న అతని క్లాస్‌మేట్లకు ఈ ఇబ్బంది లేదు, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపొచ్చు. బడివాళ్లు రుజువుగా పాస్‌పోర్టు కాపీ అడిగితే ఇవ్వమనండి.

డబ్బు పంపేటప్పుడు జత చేసే లేఖలో ఏం రాస్తారన్నది ముఖ్యం. 'కార్పస్ కోసం' అని రాస్తే ట్రస్టు దాన్ని మూలధనంగా పెట్టి, దాని మీద వచ్చే ఆదాయాన్నే వాడాలి. మీరు పంపే వడ్డీ ఈ ఏడాదే పుస్తకాలుగా మారాలంటే ఆ మాట రాయొద్దు, 'లైబ్రరీ, డ్రాయింగ్ క్లాసుల నిర్వహణకు' అని రాయండి.

విజ్ఞప్తి విషయానికొస్తే, 'బడి అభివృద్ధికి సహకరించండి' అని రాస్తే ఎవరి చేయీ జేబు దాకా వెళ్లదు. ఒక పని, దాని ఖర్చు, ఇప్పటిదాకా సమకూరింది ఎంత, ఇంకా కావాల్సింది ఎంత అన్నది చెప్పండి. హెడ్‌మాస్టరుగారి దగ్గర అసలు లెక్క తీసుకుని, ఉదాహరణకు ఇలా రాయొచ్చు: 'డ్రాయింగ్ క్లాసులకు ఏడాదికి లక్షా 20 వేలు కావాలి. నెలకు 500 చొప్పున ఇరవై మంది ముందుకొస్తే ఏడాదంతా నడుస్తాయి. ఇప్పటికి ఏడుగురం ఉన్నాం.' నెలనెలా ఖాతా నుంచి దానంతటదే వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టించండి. ఎవరి సొంత ఫోన్ నంబరుకో యూపీఐ చేయమనకుండా ట్రస్టు ఖాతా వివరాలే ఇవ్వండి. ఏడాది చివర ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అన్నది ఒక పేజీలో అందరికీ పంపుతామని బడి చేత ముందే ఒప్పించండి. లెక్క చేతికందినవాళ్లు రెండో ఏడూ ఇస్తారు.

ఆ ఉత్తరం అడ్మిషన్ల సీజన్లో పంపకండి, సీటు కోసం వచ్చే తల్లిదండ్రులకు అసలు చూపించకండి. సీటుకు ముడిపెట్టి తీసుకునేది విరాళం అనిపించుకోదు. విద్యాహక్కు చట్టం 2009లోని 13వ సెక్షన్ క్యాపిటేషన్ ఫీజును నిషేధించింది, వసూలు చేసిన దానికి పది రెట్ల దాకా జరిమానా పడొచ్చు. ఇప్పుడు బడిలో పిల్లలున్న తల్లిదండ్రులు తమంతట తాము ఇస్తామంటే తీసుకోవచ్చు. ఆ రసీదును ఫీజు రసీదుతో కలపకుండా విడిగా ఇవ్వమనండి. పాత విధానంలో ట్యూషన్ ఫీజుకు ఉండే 80సి మినహాయింపు విరాళానికి వర్తించదు, రెండూ ఒకే కాగితం మీద ఉంటే రిటర్ను వేసేటప్పుడు తిప్పలు పడేది వాళ్లే.