తల పక్కన బొమ్మ ఎందుకు?

ప్రశ్న: మెక్సికో పాత రాతప్రతుల్లో మనుషుల పక్కన పాము, డాలు లాంటి బొమ్మలుంటాయి. అలంకారం కోసమేనా?

జవాబు: కాదండీ, అవి పేర్లు. నావాట్ల్ భాషలో అజ్టెక్ రాజు ఇట్స్‌కోవాట్ల్ పేరుకి అర్థం గాజురాతి పాము, అందుకే పాము ఒంటిమీద ఆ రాతి మొనలు గీసేవారు. మరో రాజు చిమల్‌పొపోకా పేరుకైతే పొగలొచ్చే డాలు. ఇంతవరకూ సులువే, మరి స్పెయిన్ పాలనలో స్పానిష్ పేర్లొస్తే? అక్కడే చిత్రకారుల తెలివి కనిపిస్తుంది. 1535లో వచ్చిన వైస్రాయ్ (స్పెయిన్ రాజు ప్రతినిధి) మెండోజా కోసం కిత్తలి మొక్క (మెట్ల్), బొరియలు తవ్వే ఎలుకలాంటి జంతువు (తోసాన్) కలిపి గీశారు, అర్థంతో పనిలేదు, 'మె-తోసా' అని శబ్దం దగ్గరగా వస్తే చాలు! రాజులకే కాదు, 1560 నాటి వెషోట్సింకో (మెక్సికోలోని ఒక ప్రాంతం) జనాభా లెక్కల్లో మామూలు రైతులకీ ఇలాంటి బొమ్మపేర్లున్నాయి. నాకైతే రాజుల బొమ్మలకన్నా అవే ఆసక్తిగా అనిపిస్తాయి.